బీర్బల్ సాహ్ని

సింగరేణి గనులలో లభించు బొగ్గు ఒకప్పుడు పచ్చని యడవి. కోట్ల సంవత్సరములకు పూర్వము బురదలో పూడిపోయిన చెట్టుచేమలే మీది మట్టి యొత్తిడికిని, భూమిలోని వేడిమికిని లోనై బొగ్గుగా మారినవి. ఆ పొరల చెంతనున్న రాళ్లలో నాటి యాకుల ముద్రలు నేటికిని కానవచ్చును. ఇట్టివానికి శిలాజములని పేరు. వీనిని అక్షరములవలె చదివి, భారతభూమి ప్రాచీన వృక్షచరిత్రను లోకమునకు తెలిపిన మహనీయుడు బీర్బల్ సాహ్ని.

ఆయన 1891వ సంవత్సరము నవంబరు 14వ తేదీన, ఇప్పుడు పాకిస్తానులోనున్న భేరా పట్టణమున జన్మించెను. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో రసాయనశాస్త్రమును బోధించుచుండెను. సెలవులలో ఆయన కుమారులను హిమాలయములకు తీసికొనిపోవుచుండెను. ప్రకృతిని పరిశీలించు నలవాటు బీర్బలునకు ఆ కొండదారులలోనే కలిగెను.

1911లో సాహ్ని ఇంగ్లండునకు వెళ్లి, కేంబ్రిడ్జిలో సివార్డు అను పండితునకు శిష్యుడయ్యెను. గురుశిష్యులిరువురును భారతదేశపు గోండ్వానా శిలాజములను పరిశోధించి, 1920లో గ్రంథము ప్రకటించిరి. అంతకు ముందే, 1919లో, సాహ్ని స్వదేశమునకు మరలివచ్చెను. కాశీలోను, లాహోరులోను కొంతకాలము పనిచేసి, 1921లో లక్నో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడయ్యెను.

శిలాజములలో చెట్టు పూర్తిగా దొరకుట యరుదు. కాండమొకచోట, ఆకొకచోట, కాయ మరియొకచోట లభించును. సాహ్ని రాతిని పలుచని బిళ్లలుగా కోయించి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఏ భాగము ఏ చెట్టుదో నిర్ణయించుచుండెను. రాజమహల్ కొండలలో లభించిన ముక్కలనిట్లు జతపరచి, అంతరించిపోయిన యొక క్రొత్త వృక్షవర్గమును 1948లో వెల్లడించెను. దానికి పెంటాక్సిలీ అని పేరు. లండనులోని రాయల్ సొసైటీ 1936లోనే ఆయనను సభ్యునిగా నెన్నుకొని గౌరవించెను.

ఇట్టి పరిశోధనలకు మనదేశమున ఒక సంస్థ యుండవలెనని ఆయన చిరకాల వాంఛ. తన గ్రంథములను, శిలాజములను, ఆస్తిని అందుకై ధారపోసెను. 1949 ఏప్రిల్ 3వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ లక్నోలో ఆ సంస్థా భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆ పునాదిరాతిలో శిలాజములనే పొదిగిరి. కాని సాహ్ని ఆ భవనమును చూడ నోచుకొనలేదు. వారము గడచునంతలో, ఏప్రిల్ 10వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున గుండెపోటుతో మరణించెను.

గోడలింకను లేవలేదు. నడిపించువాడు లేడు. ఆ సమయమున ఆయన సతీమణి సావిత్రీదేవి దుఃఖమును దిగమ్రింగి సంస్థ భారమును తలకెత్తుకొనెను. 1953 జనవరిలో నెహ్రూయే వచ్చి నూతన భవనమును ప్రారంభించెను. నేడు ఆ సంస్థ సాహ్ని పేరుననే పరిశోధనలు సాగించుచున్నది.

తాను ఫలము ననుభవింపకపోయినను రాబోవువారికై విత్తు నాటుట ఉత్తముల లక్షణము. ఆ విత్తును కాపాడి పెంచుటయు నంతటి పుణ్యకార్యమే.