టోల్కీన్: ఆంగ్ల పట్టపు చదువులో భాషాసాహిత్యాల పొత్తు

ఒక భాషను విశ్వవిద్యాలయంలో ప్రధాన విషయంగా చదివే విద్యార్థి పట్టం పొందడానికి ఏమేమి తప్పనిసరిగా చదవాలి? పైకి ఇది పాఠ్యప్రణాళికా సంఘాలకు మాత్రమే చెందిన ప్రశ్నగా కనిపిస్తుంది. కాని ఆ విషయం స్వరూపాన్ని నిర్ణయించేది ఈ ప్రశ్నకు లభించే సమాధానమే. అద్భుత కథారచయితగా లోకప్రసిద్ధులైన జె. ఆర్. ఆర్. టోల్కీన్ వృత్తిరీత్యా భాషాశాస్త్రాచార్యులు. ఆంగ్ల పట్టపు చదువులో ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్న వివాదంలో ఆయన నిర్వహించిన పాత్ర ఆయన కథలంత ప్రసిద్ధం కాలేదు.

టోల్కీన్ 1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటైన్‌లో జన్మించారు. నాలుగేళ్ల ప్రాయంలో తండ్రిని, పన్నెండేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఒక క్రైస్తవ మతాచార్యుని సంరక్షణలో పెరిగారు. లాటిన్ భాషకు తల్లియే తొలి గురువు. పాఠశాలలో గ్రీకుతోపాటు ప్రాచీన ఆంగ్లం పరిచయమైంది. జోసెఫ్ రైట్ రచించిన గోథిక్ భాషా వాచకం ఆ రోజుల్లోనే ఆయన చేతికి వచ్చింది. నశించిన ఒక భాష శబ్దస్వరూపం ఆ బాలుని మనస్సును శాశ్వతంగా ఆకర్షించింది.

1911లో ఏటా 60 పౌండ్ల విద్యార్థివేతనంతో ఆక్స్‌ఫర్డులోని ఎక్సెటర్ కళాశాలలో చేరారు. అప్పుడు ఆయన ఎన్నుకొన్నది ఆంగ్లం కాదు, గ్రీకు లాటిన్ సాహిత్యాలు. 1913లో జరిగిన మధ్యంతర పరీక్షలో ద్వితీయ శ్రేణి మాత్రమే లభించింది. అయితే తులనాత్మక భాషాశాస్త్ర పత్రంలో మాత్రం అత్యుత్తమ స్థాయి ప్రతిభ కనబరిచారు. ఆ శాస్త్రంలో ఆయనకు గురువు ఆ జోసెఫ్ రైట్ గారే. బాల్యంలో ఉన్ని మిల్లులో కూలిపని చేసి, పదిహేనేళ్లు వచ్చాక చదవడం నేర్చుకొని ఆచార్యపదవి నందిన స్వయంకృషీవలుడాయన. ఒక్క పత్రంలో వెల్లడైన ప్రజ్ఞను గుర్తించిన కళాశాల పెద్దలు టోల్కీన్‌ను ఆంగ్ల శాఖకు మారవలసినదిగా సూచించారు; విద్యార్థివేతనాన్ని కూడా కొనసాగించారు. పరీక్షా ఫలితాన్ని మొత్తంగా మాత్రమే చూచి ఉంటే ఆయన జీవితం వేరొక దారి పట్టి ఉండేది.

అప్పటికి ఆక్స్‌ఫర్డులో ఆంగ్లం పట్టవిషయమై ఇరవై ఏళ్లు మాత్రమే గడిచాయి. ఆ శాఖ 1894లో ఏర్పడింది. మాతృభాషలోని కావ్యాలు చదివినందుకు పట్టం ఎందుకన్న ఆక్షేపణ అప్పట్లో బలంగా ఉండేది. ఆ ఆక్షేపణకు సమాధానంగా, పరీక్షకు కాఠిన్యం చేకూర్చడానికి, భాషాశాస్త్రాన్ని కావ్యపఠనంతో జోడించారు. ఈ జోడింపు సహజమైన మైత్రిగా పరిణమించలేదు. కావ్యప్రియులకు ధ్వనిపరిణామ సూత్రాలు భారమయ్యాయి. భాషాభిమానులకు ఆధునిక సాహిత్య పత్రాలు భారమయ్యాయి. టోల్కీన్ ఆ పట్టాన్ని 1915లో ప్రథమ శ్రేణిలో పొందారు. ఆయన ప్రత్యేక విషయం స్కాండినేవియా భాషాశాస్త్రం.

1916లో సోమ్ యుద్ధరంగంలో పాల్గొని, అస్వస్థులై తిరిగివచ్చారు. యుద్ధానంతరం ఆక్స్‌ఫర్డు ఆంగ్ల మహానిఘంటువు కార్యాలయంలో డబ్ల్యు అక్షరంతో ప్రారంభమయ్యే కొన్ని పదాల వ్యుత్పత్తులను పరిశీలించారు. 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరి, 1924లో ఆచార్యులయ్యారు. అక్కడ భాషా విభాగాన్ని పటిష్ఠం చేశారు. ఇ. వి. గోర్డన్‌తో కలిసి మధ్యయుగ కావ్యమైన గవేయిన్ కథను పరిష్కరించి 1925లో ప్రకటించారు. పాఠనిర్ణయం, పదార్థవివరణ, కావ్యాస్వాదం ఒకే పనిలోని అంగాలని ఆ పరిష్కరణం నిరూపించింది.

అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డులో ప్రాచీన ఆంగ్ల పీఠానికి ఎన్నికయ్యారు. పీఠ నియమం ప్రకారం ఏటా 36 ఉపన్యాసాలు చాలును. తన రెండవ సంవత్సరంలో ఆయన ఇచ్చినవి 136. బోధించవలసినది విస్తారం, బోధించేవారు స్వల్పం కావడమే ఇందుకు కారణం. ఈ అనుభవంతోనే ఆయన పట్టనియమాల సంస్కరణకు పూనుకొన్నారు. 1930లో ఒక వ్యాసం ద్వారా తన ప్రతిపాదనలను బహిరంగంగా ప్రకటించారు. భాషను ప్రధానంగా ఎన్నుకొన్నవారు ప్రాచీన, మధ్యయుగ గ్రంథాలను, సోదరభాషలను లోతుగా చదవాలి. సాహిత్యాన్ని ఎన్నుకొన్నవారు శుష్కసూత్రాలకు బదులు ప్రాచీన గ్రంథాలనే మూలంలో చదవాలి. ఇందుకు కావలసిన కాలాన్ని పాఠ్యక్రమం చివరి భాగం నుండి తీసుకోవాలి.

సాహిత్య పక్షానికి చెందిన సి. ఎస్. లూయిస్ మొదట దీనికి సుముఖులు కారు. టోల్కీన్ 1926లో స్థాపించిన సంఘంలో ఐస్‌లాండు గాథలను మూలభాషలో కలిసి చదవడం వారిద్దరి మైత్రికి దోహదం చేసింది. క్రమంగా లూయిస్ సమర్థకులయ్యారు. 1931లో కొత్త ప్రణాళిక ఆమోదం పొందింది. తప్పనిసరి సాహిత్యం 1830తో ముగిసింది. పందొమ్మిదవ శతాబ్దం ఐచ్ఛికమైంది.

ఈ విజయానికి మూల్యం లేకపోలేదు. డికెన్స్ నవలలను గాని, టెన్నిసన్ కవిత్వాన్ని గాని పరీక్షకు చదవకుండానే ఆంగ్ల పట్టం పొందే అవకాశం దశాబ్దాలపాటు కొనసాగింది. తర్వాతి తరాలవారు ఆ పరిమితిని విమర్శించి సడలించారు. ఆ విమర్శ సమంజసమే. అయితే టోల్కీన్ ఆశయం ఆధునిక సాహిత్యాన్ని తిరస్కరించడం కాదు. గురుసహాయం లేనిదే అందని గ్రంథాలకు తరగతి గదిలో చోటు కల్పించడం.

ఆయన భాషాశాస్త్రం కావ్యానికి విరోధి కాదనడానికి 1936లో బ్రిటిష్ అకాడమీలో బేవుల్ఫ్ కావ్యంపై ఇచ్చిన ఉపన్యాసమే సాక్ష్యం. చరిత్రకారులు, శబ్దపరిశోధకులు ఆకరగ్రంథంగా మాత్రమే వాడుకొంటున్న ఆ కృతిని కావ్యంగా చదవాలని వాదించినవారు ఒక భాషాశాస్త్రవేత్త కావడం గమనార్హం. 1945లో మెర్టన్ పీఠాన్ని అధిష్ఠించి, 1959లో విరమించారు. వీడ్కోలు ప్రసంగంలోనూ భాషను, సాహిత్యాన్ని రెండు శిబిరాలుగా విడదీసే వాడుకను గర్హించారు. 1973 సెప్టెంబరు 2న పరమపదించారు.

టోల్కీన్ తలపెట్టిన పండితగ్రంథాలలో అనేకం అసంపూర్తిగా మిగిలాయి. 1931 నాటి నియమాలూ మారిపోయాయి. మిగిలినది ఆయన నిలబెట్టిన సూత్రం: పదాన్ని ఎరుగనివానికి కావ్యం పూర్తిగా దక్కదు, కావ్యాన్ని విడిచిన పదజ్ఞానం నిర్జీవమవుతుంది. బాలవ్యాకరణాన్నీ ప్రబంధాన్నీ ఒకే విద్యార్థికి బోధించే ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు ఈ సమస్య పరాయిది కాదు. ఏ పత్రాన్ని తప్పనిసరి చేయాలి, దేన్ని ఐచ్ఛికంగా విడవాలి అని నిర్ణయించే ప్రతి సందర్భంలోనూ ఆ శాస్త్రపు రేపటి పండితుని స్వరూపమే నిర్ణీతమవుతుంది.