వాల్‌చంద్ హీరాచంద్

వాల్‌చంద్ హీరాచంద్ (నవంబరు 23, 1882 - ఏప్రిల్ 8, 1953) ప్రముఖ భారతీయ పారిశ్రామికవేత్త. విశాఖపట్నంలోని నౌకానిర్మాణ కేంద్రానికి ఆద్యుడు.

తొలి జీవితం

ఈయన షోలాపూరులో గుజరాతీ జైన కుటుంబంలో జన్మించాడు. కుటుంబానికి పత్తి, వడ్డీ వ్యాపారాలు ఉండేవి. వాటిని వదలి, లక్ష్మణరావు ఫాటక్ భాగస్వామిగా రైల్వే గుత్తపనులు చేపట్టాడు.

నౌకా వ్యాపారం

1919లో నరోత్తమ్ మొరార్జీ తదితరులతో కలిసి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించాడు. ఈ సంస్థకు చెందిన లాయల్టీ నౌక 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరింది. ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుతారు. బ్రిటిషు కంపెనీలు రవాణా ధరలను బాగా తగ్గించి, కొత్తగా వచ్చినవారిని నష్టపరచేవి. ఆ పోటీని తట్టుకొన్న సింధియా, 1923లో ప్రత్యర్థులతో ఒప్పందం చేసుకొన్నది. నౌకల పరిమాణంపై ఆంక్షలకు అంగీకరించి, తీరప్రాంత రవాణాలో నిలదొక్కుకొన్నది.

విశాఖపట్నంలో నౌకానిర్మాణం

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైనది. అక్కడ సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేయడంతో పనులకు ఆటంకం కలిగింది. చివరకు 1948 మార్చి 14న ఇక్కడ నిర్మించిన 8,000 టన్నుల జలఉష నౌకను జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు.

చివరి రోజులు

ఇక్కడి నిర్మాణ వ్యయం బ్రిటన్ ధరలకంటే ఎక్కువగా ఉండేది. ప్రభుత్వ సహాయం లేనిదే కేంద్రాన్ని నడపడం కష్టమైనది. 1950లో అనారోగ్యం వలన వాల్‌చంద్ వ్యాపారాలనుండి తప్పుకొన్నాడు. 1952లో ఆ కేంద్రం ప్రభుత్వ ఆధిక్యంతో హిందుస్తాన్ షిప్‌యార్డుగా మారినది. మరుసటి ఏడాది ఆయన గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో మరణించాడు. 1940లో ఆయన బెంగుళూరులో ప్రారంభించిన విమాన కర్మాగారం కూడా తరువాత ప్రభుత్వపరమైనది. ఈ రెండు సంస్థలూ నేటికీ ప్రభుత్వ రంగంలో కొనసాగుతున్నాయి.