నాలుకరాళ్ళ గుట్టు విప్పిన ధన్యజీవి

భూగర్భశాస్త్రం చదువుకునే మన పిల్లలకు నికొలాస్ స్టెనో పేరు తొలి పాఠాల్లోనే తగులుతుంది. ఆయన ఒక పీఠాధిపతి అనీ, 1988 అక్టోబరు 23న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యులుగా ప్రకటించారనీ ఆ పాఠంలో ఉండదు. దేవాలయంలో ఆయన పేరు విన్నవారికేమో రాళ్ళ సంగతి తెలియదు. రెండు కథలనూ ఒక్కచోట చెప్పాలని మా ప్రయత్నం.

ఆయన 1638 జనవరిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఒక కంసాలి ఇంట పుట్టారు. అసలు పేరు నీల్స్ స్టెన్సన్. కుటుంబం లూథరన్ సంఘానికి చెందినది. వైద్యం చదువుకుని 1660లో ఆమ్‌స్టర్‌డామ్ చేరి, ఒక గొర్రె తలను కోసి చూస్తూండగా, చెవి దగ్గరి గ్రంథి నుంచి నోటిలోకి లాలాజలం వచ్చే గొట్టాన్ని కనుగొన్నారు. డాక్టర్లు నేటికీ దానిని స్టెన్సన్ నాళమనే పిలుస్తారు. గుండె కూడా ఒక కండరమేనని చూపినదీ ఆయనే. ముప్పై ఏళ్ళు నిండకముందే యూరపులో పేరు మోగిపోయింది. 1666లో ఫ్లారెన్సు నగరం చేరి, టస్కనీ ప్రభువు రెండవ ఫెర్డినాండో ఆశ్రయంలో ఉన్నారు.

ఆ అక్టోబరులో లివోర్నో రేవు దగ్గర జాలరులకు ఒక పెద్ద సొరచేప చిక్కింది. ప్రభువు దాని తల తెప్పించి స్టెనోగారికి అప్పగించారు. కోయడం ఆయనకు చేతనైన పనే. కాని నోరు తెరిచి పళ్ళు చూసేసరికి ఆయన ఆలోచన వేరే దారి పట్టింది. ఆ ఆకారం ఆయనకు కొత్తది కాదు. రాతి రూపంలో అంతకు ముందే ఎరిగినదే.

ఆ రాళ్ళ సంగతి మనం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పునీత పౌలుగారు ఓడ పగిలి మాల్టా ద్వీపం చేరినప్పుడు చేతికి పాము చుట్టుకున్నా ఏ హానీ కలగలేదని అపోస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో చదువుతాం. ఆ ద్వీపంలో రాళ్ళ మధ్య మూడు మూలలుగా, నున్నగా, అంచున రంపపు కోరలున్న రాళ్ళు దొరికేవి. పౌలుగారి శాపం తగిలి పాముల నాలుకలే ఇలా రాళ్ళైపోయాయని జనం చెప్పుకునేవారు. ఈ నాలుకరాళ్ళను విషానికి విరుగుడని మెడలో కట్టుకునేవారు. పండితులలో కొందరు అవి భూమిలో వాటంతటవే పెరుగుతాయనేవారు. గ్రంథంలో లేకపోయినా, పౌలుగారి పేరు మీద నిలిచిన నమ్మకమది. దానిని కాదనడం తేలిక కాదు.

స్టెనోగారు 1667లో తన పుస్తకం అచ్చు వేశారు. ఇవి సొరచేప పళ్ళేనని అర్ధశతాబ్దం క్రితమే ఫాబియో కొలొన్నా అనే ఇటలీ పండితుడు చెప్పి ఉన్నాడు. స్టెనోగారు దానికి కారణాలు పేర్చారు. రాళ్ళు భూమిలో పెరిగేవే అయితే, చెట్టువేరు గోడను చీల్చినట్టు చుట్టూ ఉన్న రాతిని చీల్చాలి గదా, అలాంటి జాడ లేదు. రకరకాల చోట్ల దొరికినా ఆకారం ఒక్కటే. అన్ని ఎక్కడివంటారా, సొరచేప నోట పళ్ళు వరుస వెనుక వరుసగా ఉంటాయి. మన కోస్తాలో సొరను కోసినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఇక అవి దొరికే నేల ఒకప్పుడు నీటి అడుగున ఉండి ఉంటుంది. ఇంత చెప్పీ ఆయన ఇదే నిజమని గద్దించలేదు, ఊహగానే ముందుంచారు. ఆ వినయం మాకు ఎంతో నచ్చింది.

పన్ను రాతిలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆయనను కొండల మీదికి నడిపించింది. బురద నీటిలో పేరుకుని పొరలుగా గట్టిపడుతుందనీ, అడుగు పొర ముందుది, పై పొర తరువాతదనీ 1669లో రాశారు. భూమి చరిత్ర చదవడానికి నేటికీ అదే మొదటి అక్షరం. అయితే కాలాన్ని ఆయన కొన్ని వేల ఏళ్ళలోనే ఇమిడ్చి, జలప్రళయంతో పొసగించారు. మాల్టాలోని పెద్ద పళ్ళు మెగలొడాన్ అనే అంతరించిన సొరచేపవనీ, వాటి వయసు లక్షలు, కోట్ల ఏళ్ళలో ఉంటుందనీ తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు.

1669 పుస్తకం ఒక పీఠిక మాత్రమే. అసలు గ్రంథం రాస్తానన్నారు, రాయలేదు. అప్పటికే మనసు మరోవైపు తిరిగింది. 1666లో లివోర్నోలో చూసిన దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ ఆయనను కదిలించింది. 1667 నవంబరులో కతోలిక శ్రీసభలో చేరారు. 1675లో గురువై, 1677లో పీఠాధిపతిగా అభిషిక్తులై, ఉత్తర దేశాల మిషనుకు హానోవరు వెళ్ళారు. అక్కడ ఆయనను కలిసిన తత్వవేత్త లైబ్నిట్జ్, ఇంతటి శాస్త్రజ్ఞుడు శాస్త్రం వదిలేశాడే అని నొచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ రాయని గ్రంథం తలచుకుంటే మాకూ కొంచెం బాధే.

పేదల కోసం ఆయన తన ఉంగరం కూడా అమ్మేశారు. మున్‌స్టరులో సహాయ పీఠాధిపతిగా ఉండగా, 1683లో కొత్త పీఠాధిపతి ఎన్నికలో డబ్బు చేతులు మారిందని నిరసించి పదవి విడిచి వెళ్ళిపోయారు. ఉపవాసాలతో చిక్కిన శరీరం కడుపునొప్పికి తాళలేక, 1686 డిసెంబరు 5న ష్వెరిన్ పట్టణంలో 48వ ఏట కన్నుమూశారు. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో ఆ భౌతికకాయాన్ని ఫ్లారెన్సుకు తెప్పించారు. సొరచేప తలను కోసిన ఆ నగరంలోనే, సాన్ లొరెంజో దేవాలయంలో ఆయన సమాధి ఉంది.