జేన్ ఆడమ్సు

కూలికి బోవు తల్లి తన చంటిబిడ్డను ఎవరి కప్పగించి పోవలెను? నాట్ల దినములలో గట్టుమీది చెట్టుకొమ్మకు వ్రేలాడు చీర ఉయ్యెలను, దానికి కావలియైన ఆరేండ్ల అక్కను మన భూస్వాములందరును ఎరుగుదురు. ఆ బిడ్డ మధ్యాహ్నము ఏమి తినెనని విచారించినవా రెందరో వారికే తెలియవలెను. ఈ ప్రశ్నకే అమెరికాలోని చికాగో నగరమున నలువదియైదేండ్లకు పైగా సమాధానము వెదకిన జేన్ ఆడమ్సు చరిత్రమును నేడు మా పాఠకుల ముందుంచుచున్నాము.

ఆమె 1860 సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమునందలి సీడర్‌విల్ గ్రామమున సంపన్నగృహమున జన్మించెను. తండ్రి అబ్రహాం లింకనునకు మిత్రుడు. రెండేండ్ల ప్రాయమున తల్లి పోయెను. 1881లో చదువు ముగిసిన యేడే తండ్రియు గతించెను. వెన్నెముక వ్యాధిచే వైద్యవిద్య నడుమనే నిలిచిపోయెను. చదువుకొన్న స్త్రీకి పని చూపజాలని సంఘమున ఆమె ఏండ్ల తరబడి దిక్కుతోచక యుండెను. 1888లో లండనునందలి టాయిన్బీ హాలును జూచిన పిమ్మట మార్గము దోచినది. 1889 సెప్టెంబరు 18న స్నేహితురాలగు ఎలెన్ గేట్సు స్టారుతో గూడి, చికాగోలోని పేదల పేటలో, హల్ అను ధనికుని పాతమేడలో కాపురము పెట్టెను. ధర్మసత్రము తెరచుటకు గాదు, పొరుగువారుగ నుండుటకు.

ఆ పేట ఇటలీ, జర్మనీ, రష్యా, గ్రీసు మున్నగు దేశములనుండి పొట్టకూటికై వచ్చినవారితో క్రిక్కిరిసి యుండెను. తల్లులు బిడ్డలను గదిలో బెట్టి తాళమువేసి పనికి బోవుదురు. వేసవిలో ఉక్కకు తాళలేరని బయట విడిచి పోవుదురు. జేన్ మొట్టమొదట జూచిన మువ్వురు అంగవికల శిశువులును తల్లులు పనిలో నున్నప్పుడే ఆ గతి పొందిరి. ఒకరు మూడవ అంతస్తు కిటికీనుండి పడిరి. ఒకరు నిప్పున గాలిరి. మూడవవానిని మూడేండ్లపాటు పగలంతయు వంటింటి బల్లకాలికి కట్టివేయగా వెన్ను వంగిపోయెను. మధ్యాహ్నము ప్రక్క కర్మాగారమునుండి అన్న పరుగున వచ్చి తన భోజనమున పాలు పెట్టునపుడే వానికి విడుదల. మొదటి వేసవిలో ఇట్టి పిల్లలు చల్లదనమునకై హల్ హౌసు నడవలోనికి జేరిరి. అన్నము పెట్టగా, ఉదయమున తల్లి యిచ్చిన కాసును గుప్పిటనుండి తీసి యిచ్చినవారును గలరు. శిశుశాల ఇట్లు పుట్టినది; తీర్మానముల వలనను, అధ్యక్షోపన్యాసముల వలనను గాదు. అది మొదట వారి పడకగదులలోను, పిమ్మట సందులోని చిన్నయింటను, ఆపైని దానికై కట్టిన భవనమునను సాగెను. పదునారేండ్ల పిదప వేరొక ధర్మసంస్థ దానిని చేపట్టి, బిడ్డలతోబాటు తల్లులకును క్రొత్తదేశమున సంసారము నడుపుకొను తెరవు నేర్పెను.

పెద్దలకు సాయపడుట అంత సులభము గాదు. శాస్త్రోక్తమగు బలవర్ధకాహారమును చౌకగ నమ్ముటకు హల్ హౌసువారు పాకశాల తెరచిరి. పొరుగువారు దానిని మెచ్చలేదు; తమ నాలుక కింపైనదే వారికి గావలెను. సంస్కరణమును మూటగట్టుకొని మన పల్లెలకు బోవు యువకులు ఈ ముచ్చటను గమనింతురుగాక. మరియు, ఇంగ్లీషు నేర్చిన పిల్లలు తలకు గుడ్డ గట్టిన తల్లిని జూచి సిగ్గుపడుచుండిరి. వీథిలో ఇటలీ వృద్ధురాలొకతె కదురుతో నూలు వడకుట గాంచి, జేన్ 1900లో శ్రమప్రదర్శనశాలను నెలకొల్పెను. అచట ఆ తల్లులే గురువులు. రాట్నపు మహిమ నెరిగిన మనకు దీని ఫలము వివరింప బనిలేదు.

అయినను శిశుశాలతో సమస్య తీరెనని ఆమె భ్రమపడలేదు. ఈకల కర్మాగారమున పనిచేయు తల్లి యొకతె ఐదేండ్ల కొడుకును నిత్యము శిశుశాలకు దెచ్చెడిది. వాని జుట్టంతయు ఈకల నూగే. ఒక మార్చినెల యుదయమున ఆమె కప్పుపై బట్టలారవేయుచుండ, వెంటనున్న బాలుడు గాలివిసురునకు క్రిందబడి మరణించెను. అంత్యక్రియల పిదప ఇంకేమి సాయము గావలెనని జేన్ అడిగెను. మరునాటి కూలి యిప్పించినచో ఇంటనే యుండి చంటిబిడ్డను దినమంతయు ఎత్తుకొందునని యామె కోరెను. పోయినవాడు ఎత్తుకొమ్మని యెన్నిమార్లడిగినను ఆమెకు తీరిక లేకపోయెనట. తల్లి రెండు బరువులను మోయగలదను నమ్మకమును శిశుశాల లోకమునకు గలిగించునేమో యను శంక జేనును విడువలేదు. ఆమెయు సహచరులును శాసనములకై పోరాడిరి: 1893లో ఇల్లినాయి కర్మాగార శాసనము, 1899లో బాలల న్యాయస్థానము వచ్చెను. పేద తల్లిదండ్రులకు బిడ్డల పోషణార్థము ధనమిచ్చు శాసనమును ఆ రాష్ట్రము 1911లో చేసెను. 1912లో కేంద్రప్రభుత్వ శిశుశాఖకు తొలి యధిపతియైన జూలియా లాత్రాపు హల్ హౌసు నివాసియే.

మొదటి ప్రపంచయుద్ధమును నిరసించినందులకు జేనును స్వదేశ పత్రికలే దూషించినవి. 1931లో నోబెలు శాంతిబహుమానము లభించెను. 1935 మే 21న ఆమె మరణించినపుడు వేలకొలది పొరుగువారు హల్ హౌసునకు వచ్చి కడసారి దర్శించిరి. 1960వ దశకమున విశ్వవిద్యాలయము కొరకు అచటి కట్టడములలో పెక్కింటిని కూలద్రోసిరి. ఆమె పేర నడచిన సంఘము ధనాభావముచే 2012లో మూతపడెను. పాతమేడ ప్రదర్శనశాలగ నిలిచియున్నది.