అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి చరిత్రము

మేము నివసించు గోలేటి బొగ్గుగనుల సీమ. ఇచ్చట పనివారు రేయింబవళ్లు షిఫ్టులవారీగా గనికి పోవుచుందురు. అర్ధరాత్రమున పని దిగి వచ్చువాని యాఁకలి గడియారమును చూచి రాదు. ఒకరి సద్దిని ఇరువురు పంచుకొని తినుట యిచ్చట వింత గాదు. మా వాగుల నీరు తుదకు గోదావరిలోఁ గలియును. ఆ గోదావరి పాయలుగాఁ జీలి సముద్రమును జేరుచోట, లంకలనడుమ, ఆఁకలికి వేళ లేదని గుర్తెఱిఁగి తన బ్రదుకంతయు దాని కొప్పగించిన యిల్లా లొకతె యుండెను. దానమన నేమో తెలియఁ గోరువారికి ఆమె చరిత్రము ఉపకరించునని తలఁచి దీనిని వ్రాయుచున్నాము.

సీతమ్మగారు 1841లో మండపేటయందు జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచు బువ్వన్నయని పేరు వడసిరి. లంకల గన్నవరపు డొక్కా జోగన్నగారు ప్రయాణమున నలసి, ఒక మధ్యాహ్నము వారి యింట భోజనముచేసి, ఆ యింటి మర్యాదకు మెచ్చి సీతమ్మగారిని వివాహమాడిరని చెప్పుదురు.

గన్నవరము వైనతేయ పాయ యొడ్డున నున్నది. నాఁడు ఏరు దాఁటవలసినవారు పడవకై కాచుకొనవలసినదే. వరద వచ్చెనా, ఎక్కడివారక్కడ నిలిచిపోవలసినదే. 1852లో ధవళేశ్వరపు టానకట్ట ముగిసిన పిదప కాలువలు పాఱి ఆ సీమ వరిపంటల కాకరమయ్యెను. జోగన్నగారికి భూవసతి గలదు. గాదెలో ధాన్యముండెను, వాకిట నాఁకలి యుండెను. ఈ రెంటినడుమ తిరిగిన చేతులు సీతమ్మగారివి.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇచ్చట నొక సంగతి తోఁచుచున్నది. నాఁటి హిందూధర్మశాస్త్రమునుబట్టి భర్త భూములపై భార్యకు స్వతంత్రాధికారము లేదు. కావున ధాన్యము జోగన్నగారిదనియే చట్టము చెప్పును. అట్లైన సీతమ్మగారు ఇచ్చిన దేమి? తన నిద్దురను, తన విశ్రాంతిని, ప్రొయ్యియెదుట గడచిన తన దినములను. ఏ చట్టమును లెక్కింపని యీ యాస్తియే ఆమె స్వంతము. దానినే ఆమె పంచిపెట్టెను. తన కేమియు లేదని చేతులు ముడుచుకొనువారు ఈ మాటను యోచింతురు గాక.

వచ్చినవాని కులమేదని ముందుగా నడుగుట ఆమె పద్ధతి కాదని పెద్దలు చెప్పుదురు. పంక్తిభేదములు బలముగా నుండిన యా కాలమున, ఆచారవంతుల యింట నిది యల్పవిషయము గాదు. పెట్టఁగాఁ బెట్టఁగా ఆస్తి తఱిగినను ఆమె చేయి వెనుదీయలేదందురు.

ఒకప్పుడామె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేరెను. త్రోవలో కొందఱు ఆఁకలిగొని, సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకునని తమలోఁ దాము ధైర్యము చెప్పుకొనుట ఆమె చెవినిఁ బడెను. తానింట లేకున్న వారి గతి యేమని తలఁచి, దర్శనము మాని యింటికి మరలెనని లోకమున వాడుక. దేవుని సేవ యెచ్చటనో వెదకనక్కఱలేదని ఆమె యే గ్రంథమును వ్రాయలేదు. త్రోవనుండి మరలి చూపెను.

ఆమె కీర్తి సముద్రములు దాఁటెను. ఏడవ యెడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆమెకు ఆహ్వానము రాఁగా పోనొల్లలేదనియు, చిత్తరువు తీయించుకొనుటకైనను ఇష్టపడక, అది పంపకున్న అధికారి యుద్యోగమునకు ముప్పు వచ్చునని విన్నపిదపనే సమ్మతించెననియు చెప్పుకొందురు. ఇతరుని కూటికై తప్ప కీర్తినైనను ఆమె యంగీకరింపలేదన్నమాట.

సీతమ్మగారు 1909లో కాలధర్మము నొందిరి. వైనతేయపై కట్టిన క్రొత్త కాలువవంతెనకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే యుంచెను. ఒక్క యిల్లాలి ప్రొయ్యి దేశపు టాఁకలిని తీర్పజాలదు. అది ప్రభుత్వముల విధి. ఇది నిజమే. కాని ప్రభుత్వమున్నదని చెప్పి వాకిట నిలిచినవానిని పంపివేయుట న్యాయము గాదు. పథకమునకు వేళ గలదు, పట్టిక గలదు; ఆఁకలికి ఆ రెండును లేవు.

చదువరులారా, మిగిలినది యిచ్చుట సులభము; అడిగిన వేళకు ఇచ్చుట కష్టము. తలుపు తట్టినది యెవరని విచారించి, సమయము గాదని చెప్పి, రేపు రమ్మనుట మనకందఱకు నలవాటే, మాకును అలవాటే. నేఁటిరాత్రి గని దిగి వచ్చు పొరుగువానికో, ఊరు గాని యూర నిలిచిన బాటసారికో మన పళ్లెములోని సగము పెట్టఁగలిగితిమేని, సీతమ్మగారి చరిత్రమును చదివినవార మగుదుము. లేనియెడల అక్షరములను మాత్రమే చూచినవారము.