వెదురు కర్రతో ఆకాశాన్ని కొలిచినాయన

మా ఇంట్లో అమ్మది తెలుగు పంచాంగం, నాన్నది ఒడియా పాంజి. పాంజి తిరగేస్తుంటే పఠాణి సామంత గుర్తొస్తారు. అసలు పేరు చంద్రశేఖర్. 1835లో ఖండపడాలో పుట్టారు. టెలిస్కోపు లేదు. కర్ర, వెదురుతో పరికరాలు చేసుకుని రాత్రుళ్లు గ్రహాల్ని కొలిచారు. తాటాకుల మీద రాసిన 'సిద్ధాంత దర్పణం' 1899లో కలకత్తాలో అచ్చయింది. పూరీ గుడి పండగలకి ఆయన లెక్కలే ఆధారమయ్యాయి. 1904లో పోయారు.

విశ్వం పుట్టినప్పటి వెలుగులో మిగిలింది 1964లో అమెరికాలో ఒక యాంటెన్నాకి చిక్కింది. కంటికి కనబడని ఆ వెలుగు ఆ రాత్రుళ్లలో ఖండపడా మీదా పడుతూనే ఉంది.

ఆర్ట్స్ పిల్లని, ఆకాశం నాకెందుకనుకునేదాన్ని. ఇప్పుడు బరంపురంలో రోజూ మేడెక్కుతున్నాను.