విద్యాసాగరుడు తీర్చిన ఋణము

పొట్ట చేతబట్టుకొని కలకత్తా చేరిన ఠాకూర్‌దాస్ అను పల్లెటూరి బాలుడు ఒకనాడు ఆకలికి తాళలేక, మరమరాలమ్ము అంగడి యెదుట నిలిచి దాహమునకు నీరడిగెను. అంగడిలో కూర్చున్నది నడివయస్సు వితంతువు. అతని ముఖము చూచి ఆమె సంగతి గ్రహించెను. మరమరాలు పెట్టి, పొరుగు దుకాణమునుండి పెరుగు తెచ్చి, కడుపునిండ తినిపించెను. తిండి దొరకని దినమున తనయొద్దకు రమ్మని చెప్పి పంపెను. ఈ వృత్తాంతమును తండ్రినోట విని, జీవితాంతము మరువని కుమారుడే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు.

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమందలి బీర్సింగ గ్రామమున జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రివెంట కాలినడకను కలకత్తాకు వచ్చుచు, దారిప్రక్క మైలురాళ్లను చూచియే ఆంగ్లపు అంకెలు నేర్చుకొనెను. తండ్రికి నెలకు 10 రూపాయలు జీతము. 1829లో సంస్కృత కళాశాలయందు చేరిన బాలుడు వంట చేయుచు, అంట్లు తోముచు, రాత్రులు నిద్ర మాని చదువుకొనెను. వారు తలదాచుకొనిన బడాబజారు ఇంటిలో రాయిమణి యను వితంతువుండెను. తల్లికి దూరమైన ఆ పిల్లవానిని ఆమె కన్నకొడుకుతో సమానముగా ఆదరించెను. వార్ధక్యమున స్వీయచరిత్ర వ్రాయునప్పుడు ఆయన ఆమెను భక్తితో స్మరించెను. 1839లో విద్యాసాగర బిరుదమును, 1851లో అదే కళాశాలయందు ప్రధానాచార్య పదవియు ఆయనకు లభించినవి.

పదవి వచ్చినను పాతదినములను ఆయన మరువలేదు. పసితనముననే పెండ్లియై, పసితనముననే భర్తను కోల్పోయి, ఉపవాసములతోడను అవమానములతోడను కాలము గడపు బాలికల దుఃఖము ఆయనను నిలువనీయలేదు. ధర్మశాస్త్రములను పరిశోధించి, పరాశరస్మృతి యాధారముగా వితంతు పునర్వివాహము శాస్త్రసమ్మతమని 1855లో గ్రంథము ప్రకటించెను. దూషణలు వెల్లువెత్తెను. ప్రభుత్వమునకు ఆయన పంపిన విజ్ఞప్తిపై 987 సంతకములుండగా, ప్రతిపక్షమువారి విజ్ఞప్తులపై వేలకువేలుండెను. అయినను 1856 జూలైలో శాసనము వెలువడెను. డిసెంబరు 7వ తేదీన కలకత్తాలో ఆ శాసనానుసారము తొలివివాహము జరిగెను. సాయము చేయుదుమని మాట యిచ్చినవారిలో అనేకులు తప్పుకొనిరి. పెండ్లిండ్ల వ్యయము తానే భరించి ఆయన అప్పులపాలయ్యెను. 1870లో ఏకైకపుత్రుడు నారాయణచంద్రుడు ఒక వితంతువును పెండ్లాడగా, బంధువుల అయిష్టమును లెక్కింపక సంతోషించెను.

1866 కరవులో స్వగ్రామమున అన్నసత్రము నెలకొల్పెను. ఆ డిసెంబరులోనే బండి బోల్తాపడి తగిలిన దెబ్బవలన ఆయన ఆరోగ్యము మరల కుదుటపడలేదు. మేలు పొందినవారి కృతఘ్నత, ఆత్మీయులతోడి యెడబాటు మనస్సును నొప్పించినవి. అట్టి స్థితిలో కర్మాటాడులో సంతాలుల నడుమ ఇల్లు కట్టుకొని, వారికి హోమియోపతి మందులిచ్చుచు, ఆ నిరాడంబరుల స్నేహమున ఊరట పొందెను. 1891 జూలై 29వ తేదీన కలకత్తాలో దేహము చాలించెను.

ఆయన వెలిగించిన దీపము తెలుగునాటికిని వచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగము దక్షిణదేశ విద్యాసాగరుడని పేరొందెను.

ఆకలి యెరిగినవాడు గనుక విద్యాసాగరుడు ఆకలిగొన్నవారిని గుర్తింపగలిగెను. తాను పడిన కష్టమును తలచుకొని కుమిలిపోక, అదే కష్టములోనున్నవారికొరకు వెదకెను. ఊరు పేరు తెలియని ఒక వితంతువు కలకత్తా వీథిలో పెట్టిన పిడికెడు మరమరాల ఋణము ఆ కుమారునిచే ఇట్లు తీరెను.